ఈమెయిలు పత్రికకు ఫ్లాగులు పెట్టడం
(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు ఇచ్చిన అంశం వినగానే కొందరు మిత్రులు నవ్వారు. డి.ఆర్. బకాయిల గురించి మాట్లాడవలసిన సభలో ఈమెయిలు ఉత్తరంలో లింకులు పెట్టడం గురించి అరగంట ప్రసంగమా అని. వారి నవ్వులో న్యాయం లేకపోలేదు. అయితే బకాయిల సమాచారమైనా సభ్యుడి చేతికి అందాలి కదా. అందకపోతే ఏమవుతుందో నా చేతుల మీదుగానే జరిగింది గనుక, అది చెప్పడానికి నిలబడ్డాను.

మన పత్రిక మొదట 8 పేజీల అచ్చు పత్రిక. తపాలా ఖర్చు పెరిగి, చిరునామాలు మారి, తిరిగివచ్చే కట్టలు ఎక్కువై, ఈమెయిలులో పంపడం మొదలుపెట్టాము. మొదట పి.డి.ఎఫ్. రూపంలో జతచేసి పంపేవాళ్లం. అది తెరిస్తే ఫోనులో అక్షరాలు ఆవగింజలంత కనిపించేవి. రెండు వేళ్లతో పెద్దది చేసుకుంటే వాక్యం సగం కుడివైపుకు పారిపోయేది. సభ్యులు ఫిర్యాదు చేస్తే, విషయమంతా ఉత్తరంలోనే వచ్చేటట్లు హెచ్.టి.ఎం.ఎల్. పద్ధతికి మార్చాము. అక్షరాలు పెద్దవయ్యాయి, వాక్యాలు తెర వెడల్పుకు సర్దుకున్నాయి. కాని పత్రిక మొత్తం జాతకచక్రం చుట్టలాగా ఒకే పొడుగు కాగితం అయిపోయింది. అధ్యక్షుల సందేశం, డి.ఆర్. లెక్కలు, ఆరోగ్య పథకం, ఆసుపత్రుల జాబితా, సభ్యుల లేఖలు, 75 ఏళ్లు నిండినవారికి అభినందనలు, ఫ్యామిలీ పెన్షనర్లకు గమనికలు, చివర శ్రద్ధాంజలి. ఫ్యామిలీ పెన్షన్ విషయం దగ్గరకు చేరాలంటే బొటనవేలితో తెరను ఇరవై ముప్పైసార్లు పైకి తోయాలి. కీళ్లవాతం వున్న సోదరి ఒకరు ఫోను చేసి, "మీ పత్రిక చదవడం పిండి రుబ్బినట్టుందండీ" అన్నారు.

అప్పుడు మా అమ్మాయి చెప్పింది, "పైన ఒక పట్టిక పెట్టండి నాన్నగారూ, పేరు మీద నొక్కితే ఆ విభాగానికి వెళ్లిపోయేటట్లు చేయవచ్చు" అని. ఎలా చేయవచ్చో అడిగితే పదినిమిషాల్లో చూపించి వంటింట్లోకి వెళ్లిపోయింది. తక్కినది నేను కుస్తీపట్టి నేర్చుకున్నాను.

నేర్చుకున్నాక తెలిసిందేమిటంటే, ఇది మనకు కొత్త విద్య కాదు.

ఇక్కడ వున్నవారిలో సగంమంది ఫైళ్లతో జీవితం గడిపినవాళ్లే. ఫైలులో రెండు భాగాలుంటాయి. ఒకటి నోట్ ఫైలు, రెండోది కరెంటు ఫైలు. నోట్‌లో మనం రాస్తాము, "ఈ విషయమై వచ్చిన ఉత్తర్వు ఫ్లాగు 'బి' వద్ద చూడవచ్చును" అని. రాసి వూరుకుంటే చాలదు. కరెంటు ఫైలులో ఆ ఉత్తర్వు వున్న పుటకు 'బి' అని రాసిన చిన్న చీటీ గుండుసూదితో గుచ్చాలి. అధికారి నోట్ చదువుతూ 'బి' అన్నచోట ఆగి, కింద చీటీ పట్టుకుని లాగితే, 140 పుటల ఫైలులో కావలసిన పుట తెరుచుకుంటుంది. చీటీ వూడిపోతేనో, గుమస్తా పుట మార్చి గుచ్చితేనో ఏమవుతుందో మనకు తెలుసు. ఫైలు విసిరిన శబ్దం సెక్షన్ దాకా వినిపించేది.

ఈమెయిలులో లింకు కూడా అచ్చంగా ఇదే. రెండు పనులున్నాయి, రెండూ చేయాలి. పైన పట్టికలో "ఫలానా ఫ్లాగు చూడండి" అని రాయడం ఒకటి, కింద ఆ విభాగం శీర్షికకు ఆ ఫ్లాగు గుచ్చడం రెండోది. నాలాంటి కొత్తవాళ్లు మొదటి పని చేసి రెండోది మరిచిపోతారు. పైన నీలం అక్షరాలు ముచ్చటగా కనిపిస్తాయి, నొక్కితే ఎక్కడికీ వెళ్లవు.

హెచ్.టి.ఎం.ఎల్. అంటే భయపడవలసింది లేదు. డ్రాఫ్టు రాసేటప్పుడు టైపిస్టుకు మార్జినులో "ఇది మధ్యకు", "దీని కింద గీత", "ఇక్కడ కొత్త పేరా" అని సూచనలు రాసేవాళ్లం. ఆ సూచనలు శుద్ధప్రతిలో కనిపించవు, వాటి ఫలితమే కనిపిస్తుంది. ఇదీ అంతే. జెనీవా దగ్గర సెర్న్ అనే పరిశోధనా సంస్థలో పనిచేసిన టిమ్ బెర్నర్స్ లీ 1989లో ఒక ప్రతిపాదన పెట్టారు. ఒక కాగితంలోని మాట నుంచి ఇంకో కాగితానికి నేరుగా వెళ్లగలిగే ఏర్పాటు కోసం పెట్టిన ప్రతిపాదన అది. వరల్డ్ వైడ్ వెబ్ పుట్టింది అందులోనుంచే. అంటే మూలంలో అది కూడా కాగితాలు వెతుక్కోలేక పడిన బాధే. ఆయన లింకుకు పెట్టిన గుర్తు 'ఏ' అనే ఒక్క అక్షరం. ఇంగ్లీషులో యాంకర్, అనగా లంగరు అనే మాటకు అది పొడి అక్షరం. పడవ లంగరు వేసినట్లు పుటలో ఒకచోట పేరు దింపుతాము. ఆ పేరు పిలిస్తే తెర అక్కడికి వచ్చి ఆగుతుంది.

చేసే పద్ధతి చెబుతాను. రాసుకోదలచినవారు రాసుకోవచ్చు, తక్కినవారు రెండు నిమిషాలు ఓపిక పట్టండి.

ముందు ఫ్లాగు పేరు నిర్ణయించుకోవాలి. ఫ్యామిలీ పెన్షన్ విభాగానికి 'ఎఫ్‌పి' అని పెట్టామనుకుందాం. దానిని ఇంగ్లీషు అక్షరాలలో, మధ్య ఖాళీ లేకుండా పెట్టడం మంచిది. పట్టికలోని మాటకు ఆ 'ఏ' గుర్తు తొడిగి, అందులో 'హెచ్‌రెఫ్' అని రాసి, ఈక్వల్ గుర్తు పెట్టి, కోట్ గుర్తుల మధ్య ముందు # వేసి, దాని పక్కన ఫ్లాగు పేరు రాస్తాము. టైపు మిషను మీద మనం నంబరుకు బదులు కొట్టిన గుర్తే ఆ #. దాని అర్థం ఇక్కడ "బయటికి పోవద్దు, ఈ కాగితంలోనే వెతుకు" అని. కింద శీర్షిక దగ్గర అదే పేరు # లేకుండా ఇస్తాము. ఇక్కడ # పెడితే పనిచేయదు. నేను రెండు రోజులు పెట్టాను.

పేరు ఇవ్వడానికి రెండు దారులున్నాయి. పాతది 'నేమ్', కొత్తది 'ఐడి'. 2014లో ఖరారైన హెచ్.టి.ఎం.ఎల్.5 ప్రమాణం 'నేమ్' పాతబడిందనీ 'ఐడి' వాడమనీ చెప్పింది. వెబ్ పుటలకు అది సరే. ఈమెయిలు ప్రపంచం మన ట్రెజరీ వంటిది, కొత్త జి.ఓ. వచ్చినా పాత ఫారం అడిగేవారు వుంటారు. డెస్క్‌టాప్ అవుట్‌లుక్ 2007 నుంచి ఉత్తరాన్ని చూపించడానికి వర్డ్ ప్రోగ్రాం యంత్రాంగాన్నే వాడుకుంటూ వచ్చింది. అటువంటివాటి కోసం నేను రెండూ పెడతాను, రెండింటికీ ఒకే పేరు.

పెద్దబడి అక్షరాలు, చిన్నబడి అక్షరాలు ఇక్కడ వేరువేరు. పైన పెద్దబడిలో రాసి కింద చిన్నబడిలో రాస్తే రెండూ వేరు ఫ్లాగులు. ఒకే ఫ్లాగు రెండుచోట్ల గుచ్చకూడదు. ఈ నియమం మా సూపరింటెండెంటుగారు నాకు 1975లోనే నేర్పారు, కొంచెం గట్టిగా నేర్పారు.

ఈ గుర్తులన్నీ చేత్తో కొట్టడం ఇష్టం లేనివారికి ఉచితంగా దొరికే థండర్‌బర్డ్ వంటి మెయిలు ప్రోగ్రాములో ఉత్తరం రాసే కిటికీలోనే ఈ సౌకర్యం వుంది. ఇన్సర్ట్ మెనూలో 'నేమ్డ్ యాంకర్' అని వుంటుంది, కర్సరు శీర్షిక దగ్గర పెట్టి అది ఎన్నుకుని పేరు ఇవ్వాలి. తరువాత పైన పట్టికలోని మాటను ఎంచి 'లింక్' అంటే సరిపోతుంది. జీమెయిల్‌లో ఉత్తరం రాసే పెట్టెలో ఇటువంటి ఏర్పాటు లేదు. అక్కడ ఎంత వెతికినా దొరకదని ముందే చెప్పడం నా ధర్మం.

ఇంతవరకు నా పాండిత్యం. ఇక నా తప్పు చెబుతాను.

పట్టికతో కూడిన మొదటి సంచిక పంపాను. పంపేముందు మా ఇంటి కంప్యూటరులో 8 లింకులూ నొక్కి చూశాను. ఒక్కొక్కటి నొక్కితే తెర చక్కగా వెళ్లి ఆగింది. అమెరికాలో వున్న ఒక సభ్యుడి కుమారుడు, తండ్రిగారి తరఫున పత్రిక చదివే అబ్బాయి, "చాలా బాగుంది అంకుల్" అని జవాబు రాశాడు. ఇంకో ఇద్దరు మెచ్చుకున్నారు. నేను కొంత పొంగిపోయాననే చెప్పాలి.

ఆ సంచికలో ఫ్యామిలీ పెన్షనర్లకు గమనిక ఒకటి వుంది. లైఫ్ సర్టిఫికెట్ గడువు దగ్గరపడుతున్నదనీ, ఫలానా రోజు ఇదే హాలులో శిబిరం పెడుతున్నామనీ, వేలిముద్రలు అరిగిపోయినవారికి ముఖం చూపించి పూర్తిచేసే వీలు కూడా ఏర్పాటు చేస్తున్నామనీ. 2014 నవంబరులో మొదలైన జీవన్ ప్రమాణ్ పద్ధతి మొదట వేలిముద్ర, కనుపాప మీద నడిచింది. ముఖం గుర్తించే పద్ధతి 2021లో వచ్చింది. గిన్నెలు తోమి, బట్టలు ఉతికి వేలిముద్రలు చెరిగిపోయిన మన ఆడవాళ్లకు అది పెద్ద వరం. అందుకే శిబిరం పెట్టాము.

మా సెక్షనులో నాకంటే సీనియరు, స్వర్గస్తులయ్యారు, వారి భార్యను నేను వదినగారు అంటాను. ఆవిడకు 78 ఏళ్లు. ఒక్కరే వుంటారు. ఆవిడ శిబిరానికి రాలేదు. మేము గమనించలేదు కూడా. గడువు దాటింది. పెన్షను ఆగింది. మొదటి తారీఖున రాలేదు, రెండున రాలేదు, పదిన రాలేదు. ఆవిడ ఎవరినీ అడగలేదు, ఆలస్యమైందనుకున్నారట. బి.పి. మాత్రలు, షుగరు మాత్రలు మందుల దుకాణంలో అప్పు పెట్టి తెచ్చుకున్నారు. ఇది నాకు ఆవిడ చెప్పలేదు. పక్కింటివారు చెప్పారు. భర్త బ్రతికి వుండగా పాలవాడికి కూడా ఒకటో తారీఖు దాటకుండా డబ్బిచ్చిన ఇల్లు అది.

నేను వెళ్లి, "పత్రికలో వేశాము కదా వదినగారూ, చూడలేదా?" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది.

ఆవిడ ఫోను తెచ్చి చూపించారు. "చూశానండీ మరిదిగారూ. నీలం అక్షరాల్లో పేర్లు వున్నాయి. మూడోది 'ఫ్యామిలీ పెన్షనర్లకు గమనిక' అని వుంది, అది నాకే కదా అని నొక్కాను. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కాను. ఇదేదో పాడయిందనుకుని పక్కన పెట్టేశాను. మా మనవడు వచ్చాక చూపిద్దామనుకున్నాను. వాడు పండక్కి రాలేదు." కొంచెం ఆగి, "మీ పత్రికలో ఈసారి పేర్లే వేశారు, లోపల ఏమీ వేయలేదు కదా" అన్నారు.

నేను తీసుకుని నొక్కాను. నిజమే, కదల్లేదు. ఆవిడ ఫోనులోని మెయిలు ప్రోగ్రాం ఆ రకం లింకును పట్టించుకోదు. ఆ పట్టిక కింద, అందంగా వుంటుందని, సంఘం చిహ్నం పెద్దదిగా వేశాను. దానికి పైనా కిందా బోలెడు ఖాళీ. తెర నిండా అదే వుండేసరికి పత్రిక అక్కడితో అయిపోయిందనుకోవడంలో ఆవిడ పొరపాటేమీ లేదు. అంతకుముందు పట్టిక లేని సంచికలు ఆవిడ బొటనవేలితో తోసుకుంటూ చివరిదాకా చదివేవారు. చదివే మనిషిని నేను ఆపాను.

ఆ తరువాత లైఫ్ సర్టిఫికెట్ ఇప్పించాము, ఆగిన పెన్షను బకాయిలతో సహా వచ్చింది. ఆ సంగతి అంతే.

కార్యవర్గంలో ఇది చెప్పినప్పుడు, లింకులు మొత్తం ఎత్తివేయమని ఒకరు అన్నారు. నేను కూడా రెండురోజులు అదే అనుకున్నాను. కాని ఎత్తివేస్తే మొదట పిండి రుబ్బిన సోదరి సంగతి ఏమిటి? అందుచేత ముందు పరీక్ష చేద్దామన్నాను. పంపేవాడి కంప్యూటరులో కాక, అందుకునేవారి ఫోనులలో.

11 మంది సభ్యుల ఇళ్లకు వెళ్లి, ఒక పరీక్ష ఉత్తరం పంపి, వారిచేతనే నొక్కించి పక్కన కూర్చున్నాను. 7 ఫోనులలో లింకు పనిచేసింది. రెండింటిలో కదల్లేదు. ఒకదానిలో కోరిన విభాగం దాటిపోయి అడుగున ఆగింది. ఒకదానిలో ఇంటర్నెట్ తెరుచుకుని ఖాళీ పుట వచ్చింది. కారణం ఏమిటంటే, మన ఉత్తరాన్ని ప్రతి మెయిలు ప్రోగ్రామూ ఉన్నదున్నట్లు చూపించదు. భద్రత కోసం కొన్ని గుర్తులు తీసివేస్తుంది, కొన్నింటి పేర్లు మారుస్తుంది, తన చట్రంలో బిగించి చూపిస్తుంది. తపాలా విభాగం కవరు చించి, మన గుండుసూదులు ప్రమాదమని పీకి, కాగితాలు తిరిగి సర్ది ఇచ్చినట్లు. కొన్ని విభాగాలు చీటీలు వుంచుతాయి, కొన్ని వుంచవు. మనం ఇక్కడినుంచి ఏమీ చేయలేము.

ఆ 11 ఇళ్లలో నాకు కనిపించిన ఇంకో సంగతి. లింకు బాగా పనిచేసేది ఎక్కువగా పెద్ద తెరల మీద, పిల్లల కంప్యూటర్లలో. వారికి అది లేకపోయినా ఇబ్బంది లేదు. ఎవరి కోసం పెట్టామో వారి చేతిలోని పాత ఫోనులోనే అది మొండికేస్తుంది.

పరిమాణం గురించి కూడా అప్పుడే తెలుసుకున్నాను. జీమెయిల్‌లో ఉత్తరం సుమారు 102 కిలోబైట్లు దాటితే అక్కడ కత్తిరించి, మిగతాది చూడాలంటే వేరే నొక్కమని అడుగుతుంది. కత్తిరించిన భాగంలో మన ఫ్లాగు వుంటే పైన లింకు నొక్కి లాభం లేదు, ఆ పుటే ఫైలులో లేదు. ఇంగ్లీషువారికి 102 కిలోబైట్లంటే చిన్న పుస్తకమంత. మనకు కాదు. కంప్యూటరు లెక్కలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు. తెలుగులో హల్లుకు 3, గుణింతం గుర్తుకు ఇంకో 3, ఒత్తుకు పొల్లుతో కలిపి 6. 'కి' అంటే 6 బైట్లు. 'స్త్రీ' అనే ఒక్క అక్షరానికి 18 బైట్లు! మన ఉగాది సంచిక తూచి చూస్తే 118 కిలోబైట్లు వచ్చింది. అందులో సగం తెలుగు, సగం నేను వేరే ప్రోగ్రాములోనుంచి తెచ్చి అతికించినందువల్ల అంటుకొచ్చిన అనవసరపు గుర్తులు. చివర వున్నది శ్రద్ధాంజలి విభాగం. కాలధర్మం చెందిన మిత్రుల పేర్లు కత్తిరింపులో పోయే ప్రమాదం వున్నదని తెలిసి ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఇప్పుడు మామూలు అక్షరాలుగా అతికించి గుర్తులు తరువాత పెడుతున్నాను. 70 కిలోబైట్లు దాటనివ్వడం లేదు.

ఇక అన్నిటికంటే బరువైన అభ్యంతరం. ఇది కోశాధికారిగారు లేవనెత్తారు. "మనవాళ్లకు నీలం అక్షరాలు నొక్కవద్దని ఇంట్లో పిల్లలు, బ్యాంకులో మేనేజర్లు, టీవీలో పోలీసులు చెబుతున్నారు. మీరేమో నొక్కండి నొక్కండి అంటున్నారు" అని. నాకు వెంటనే జవాబు తోచలేదు. లైఫ్ సర్టిఫికెట్ పేరు చెప్పి ఓ.టి.పి. అడిగి ఖాతాలు ఊడ్చిన మోసాలు మనం వింటూనే వున్నాము. మన ఉత్తరంలో నొక్కే అలవాటు చేసుకున్న వేలు రేపు దొంగ ఉత్తరంలో కూడా నొక్కదా?

మా సభలో రెండు గంటల చర్చ తరువాత తేలిన ఏర్పాటు ఇది. మన పట్టికలో వున్న నీలం పేర్లన్నీ ఈ ఉత్తరంలోనే కిందికి తీసుకువెళతాయి, ఒక్కటి కూడా బయటికి పోదు. కంప్యూటరులో అయితే బాణం గుర్తు దానిమీద నిలిపితే అడుగున చిరునామా కనిపిస్తుంది. చాలా ఫోనులలో వేలు కొంచెంసేపు అదిమి పట్టుకుంటే కనిపిస్తుంది. మన పట్టికలో పేరు నొక్కినప్పుడు ఇంకేదో పుట తెరుచుకుని పేరు, ఆధార్, పి.పి.ఓ. నంబరు, ఓ.టి.పి. అడిగితే, అది మనది కాదు. మూసివేసి కార్యదర్శికి ఫోను చేయండి. సంఘం ఏనాడూ ఉత్తరం ద్వారా ఆ వివరాలు అడగదు. డబ్బు పోయిందని అనుమానం వస్తే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయాలి. సిగ్గుపడి రెండు రోజులు దాచుకున్నవారి డబ్బు చేయి దాటిపోతుంది. ఏ లింకులూ నొక్కకూడదని నియమం పెట్టుకున్నవారి నియమాన్ని మేము చెడగొట్టము. నొక్కకుండానే అంతా చదవగలిగేటట్లు పత్రిక వుండాలి.

దీనివల్ల పట్టిక రాసే తీరే మారింది. ఇదివరకు "ఫ్యామిలీ పెన్షనర్లకు గమనిక" అని వేసేవాడిని. ఇప్పుడు "3. ఫ్యామిలీ పెన్షనర్లకు: లైఫ్ సర్టిఫికెట్ శిబిరం, ఫలానా తేదీ, ఉదయం 10 గంటలకు, సంఘం హాలులో" అని పూర్తిగా వేస్తున్నాను. లింకు పనిచేయకపోయినా అసలు సంగతి అక్కడే తెలిసిపోతుంది. ప్రతి పేరుకూ సంఖ్య వుంది, కింద శీర్షికకు అదే సంఖ్య పెద్దదిగా వుంది. లింకు మొండికేస్తే వేలితో తోసుకుంటూ 3 కోసం చూసుకోవచ్చు. అచ్చు ప్రతి అడిగి తీసుకునే 40 మందికి కూడా అదే సంఖ్య పనికివస్తుంది, కాగితం మీద నీలం అక్షరాలు నొక్కలేరు కదా. గడువు వున్న విషయాలు ముందు వేస్తున్నాను. ఇక్కడ అధ్యక్షుల వారికి క్షమాపణ చెప్పుకోవాలి, వారి సందేశం ఇప్పుడు నాలుగో స్థానానికి దిగింది. చిహ్నం చిన్నదై ఒక మూలకు చేరింది. పట్టిక కింద "మిగతా పత్రిక ఇక్కడినుంచి కిందికి వున్నది" అని ఒక వాక్యం వేశాను. చదువుకున్నవారికి అది చాదస్తంగా కనిపించవచ్చు. వుండనివ్వండి.

పట్టికలో పేర్ల మధ్య ఎడం కూడా పెంచాను. చేయి వణికే మిత్రుడొకరు ఆరోగ్య పథకం నొక్కబోతే ప్రతిసారీ శ్రద్ధాంజలి తెరుచుకునేదట. "నన్ను తొందరపెడుతున్నావేమిటయ్యా" అన్నారు.

చూపు తగ్గిన మరొక మిత్రుడు వున్నారు. ఫోను తెరను గట్టిగా చదివి వినిపించే ఏర్పాటు వాడుతారు. వారింటికి వెళ్లి వింటే, నేను ప్రతి విభాగం దగ్గరా వేసిన "ఇక్కడ నొక్కండి" అన్న మాట ఆ యంత్రం ఎనిమిదిసార్లు చదివింది. ఎక్కడ ఇక్కడ? ఆయనకు తెలియదు, దానికి తెలియదు. అప్పటినుంచి లింకు మీద విషయం పేరే వుంటుంది. శీర్షికలను కేవలం లావు అక్షరాలుగా కాక, ఇది శీర్షిక అని హెచ్.టి.ఎం.ఎల్.లో గుర్తు పెట్టి ఇస్తున్నాను. ఆయన వాడే ఏర్పాటులో ఒక శీర్షిక నుంచి మరొక శీర్షికకు గెంతే వీలు వుంది. ఆయనకు నా లింకుల కంటే అదే ఎక్కువ పనికివచ్చింది. ప్రతి విభాగం చివరా "పైకి" అని పట్టికకు తిరిగి వెళ్లే లింకు పెట్టేవాడిని, అదీ ఎనిమిదిసార్లు వినలేకపోతున్నానన్నారు. ఆసుపత్రుల జాబితా చివర ఒక్కటి మాత్రం వుంచి తక్కినవి తీసేశాను.

ఇప్పుడు ఒక మనవి. నేను చూసినవి 11 ఫోనులు మాత్రమే. మన సంఘంలో ఈమెయిలు ఇచ్చినవారు 300 మందికి పైగా వున్నారు. టీ తరువాత కిటికీ పక్కనున్న బల్ల దగ్గర కూర్చుంటాను. ఫోను తెచ్చినవారు రండి, పరీక్ష ఉత్తరం పంపుతాను, మీరే నొక్కండి, ఏమయిందో రిజిస్టరులో రాసుకుంటాను. ఫోను పేరు, పనిచేసిందా లేదా, అంతే రాస్తాను. నంబర్లు, పాస్‌వర్డులు నాకు చెప్పవద్దు, నేను అడిగినా చెప్పవద్దు. చిరునామా మారినవారు సంయుక్త కార్యదర్శిగారి దగ్గర రాయించండి. ఈమెయిలు వద్దు, కాగితమే కావాలనేవారు కూడా ఆయనకే చెప్పండి, కాగితం ఆపబోవడం లేదు.

వదినగారు ఈరోజు వచ్చారు, రెండో వరుసలో వున్నారు. ఆవిడ ఫోనుతోనే మొదలుపెడతాను.